ఫైలు తెరుచుకుంది, మరి డేటా వచ్చిందా? అపోహలు - వాస్తవాలు

పాత సాఫ్ట్‌వేర్‌లోని డేటాను కొత్తదానిలోకి మార్చిపెట్టడం నా వృత్తి. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాం నుంచి మైక్రోసాఫ్ట్ వారి యాక్సెస్‌కు, పాత యాక్సెస్ నుంచి కొత్తదానికి, అప్పుడప్పుడు ఎవరో ఇరవై ఏళ్ల కిందట రాసిపెట్టి వెళ్లిపోయిన ప్రోగ్రాం నుంచి ఎక్కడికో ఒకచోటికి. ఫోన్ చేసేవారిలో చాలామంది మొదట చెప్పే మాట ఒక్కటే: "ఫైలు బాగానే తెరుచుకుంటోందండీ, ఎక్సెల్‌లో చూశాను, అన్నీ ఉన్నాయి." ఆ "చూశాను" దగ్గరే నాకు గుండె గుభేలుమంటుంది.

అపోహ: సీఎస్‌వీ ఫైలును ఒకసారి ఎక్సెల్‌లో తెరిచి చూసుకుంటే పోయేదేమీ లేదు.

వాస్తవం: చూసి, సేవ్ చేయకుండా మూసేస్తే నిజంగానే పోయేదేమీ లేదు. అలా మూసేవారు ఎంతమంది? సేవ్ చేయాలా అని అడగగానే వేలు అలవాటుగా 'అవును' మీదికే పోతుంది. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన వట్టి రాత. ఏది అంకె, ఏది తేదీ, ఏది పేరు అన్న సంగతి అందులో ఎక్కడా ఉండదు. డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు ఎక్సెల్ తనకు తోచినట్లు ఊహించుకుంటుంది. ఆ ఊహ మన ఊళ్ల డేటాకు బొత్తిగా పొసగదు.

ఇంటి నంబర్లే చూడండి. 3-4-12 అన్న ఇల్లు మన దేశపు సెట్టింగులున్న కంప్యూటర్‌లో 2012 ఏప్రిల్ 3 అయి కూర్చుంటుంది. పొరపాటు గమనించి ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే పాత నంబరు తిరిగి వస్తుందనుకుంటారు. వచ్చేది 41002. తేదీలను ఎక్సెల్ 1900 నుంచి రోజుల లెక్కగా దాచుకుంటుంది, ఆ లెక్క బయటపడిందన్నమాట. జన్యువుల పేర్లు కూడా ఇలాగే తేదీలుగా మారిపోతుంటే విసిగిపోయి, ఆ పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘం 2020లో కొన్ని జన్యువుల పేర్లనే మార్చేసింది. మనం ఊరి ఇంటి నంబర్లన్నీ మార్చుకోలేం కదా.

ఇంటి నంబరు తప్పితే పోస్టుమ్యాన్ ఎలాగోలా వెతుక్కుంటాడు. బ్యాంకు ఖాతా నంబరుకు ఆ వెసులుబాటు లేదు. కొన్నేళ్ల కిందట ఒక పాల సంఘం సభ్యుల జాబితా నా దగ్గరకు వచ్చింది. పాల బిల్లులు నేరుగా ఖాతాల్లో వేయడానికి కొత్త ప్రోగ్రాం పెట్టుకుంటున్నారు. లెక్కలు చూసే పెద్దాయన పాత ప్రోగ్రాం నుంచి సీఎస్‌వీ తీసి, అంతా వచ్చిందో లేదోనని ఎక్సెల్‌లో తెరిచారు. ఖాతాల వరుస నిండా 4.01235, పక్కన ఇంగ్లిష్ ఈ అక్షరం, ప్లస్ గుర్తు, 15. పదకొండు అంకెలు దాటితే ఎక్సెల్ చూపించే తీరే అది. ఆయన కంగారుపడి ఎవరినో అడిగి, ఆ వరుసను 'నంబర్'గా మార్చారు. అంకెలన్నీ బారుగా కనిపించేసరికి ప్రాణం లేచివచ్చింది. సేవ్ చేసి పంపించారు.

నేను తెరిచి చూస్తే పదహారంకెల ఖాతాలన్నీ సున్నాతోనే ముగుస్తున్నాయి. "మాస్టారూ, మీ ఊళ్లో ఒక్కరి ఖాతా కూడా వేరే అంకెతో ముగియదా?" అని అడిగాను. కాసేపు ఫోనులో మాట లేదు. ఎక్సెల్ ఒక సంఖ్యలో పదిహేను అంకెలనే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోదాన్ని సున్నా చేసేస్తుంది. ముందు సున్నాలున్న ఖాతాలైతే ఆ సున్నాలు పోగొట్టుకుని పొట్టివైపోయాయి. "నేను సరిచేశాననుకున్నాను బాబూ" అన్నారాయన. తప్పు ఆయనది కానే కాదు. ఆయన నంబరుగా మార్చకుండా ఉన్నదున్నట్లు సేవ్ చేసినా బాగుండేది కాదు: సీఎస్‌వీలోకి వెళ్లేది తెర మీద కనిపించిన రూపమే, అంటే ముందున్న ఆరంకెలు మిగిలి తక్కినవన్నీ పోయేవి. పన్నెండంకెల ఆధార్ నంబర్లకూ ఇదే గతి. అదృష్టం ఏమిటంటే పాత కంప్యూటర్ ఇంకా మూలన ఉంది. మళ్లీ ఫైలు తీయించి, ఎవరూ తెరవకుండా నాకు పంపమన్నాను.

తేదీల బెడద ఇంకో రకం. కంప్యూటర్ సెట్టింగులు అమెరికావి అయితే 05/08/2009 మే 8గా మారుతుంది, 25/08/2009 మాత్రం ఇరవై అయిదో నెల లేదు కాబట్టి వట్టి రాతగా మిగిలిపోతుంది. ఏడాదిలో 132 రోజులు ఇలా చప్పుడు లేకుండా తారుమారవుతాయి. ఆ ఫైలునే ఎక్సెల్ ఫైలుగా సేవ్ చేసి యాక్సెస్‌లోకి తెచ్చారంటే ఆ తప్పు అక్కడ స్థిరపడిపోతుంది. గుర్తుపట్టడం తేలిక: తేదీల వరుసలో కొన్ని కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు జరిగి ఉంటే ఆగిపోండి. ఎడమవైపువి తేదీలుగా మారనివి, కుడివైపువి బహుశా తప్పుగా మారినవి.

మరి చూసుకోవాలంటే? నోట్‌ప్యాడ్‌లో చూడండి. ఎక్సెలే కావాలంటే డేటా ట్యాబ్ నుంచి తెచ్చుకుని ఖాతా, ఫోను, ఇంటి నంబరు, తేదీ వరుసలన్నిటినీ టెక్స్ట్‌గా పెట్టండి. ఇంకా మంచిది, ఎక్సెల్‌ను మధ్యలోకి రానివ్వకుండా సీఎస్‌వీని యాక్సెస్‌లోకే దిగుమతి చేయండి. ఆ విజార్డ్‌లో 'అడ్వాన్స్‌డ్' బటన్ నొక్కితే ఏ వరుస ఏ రకమో మీరే చెప్పవచ్చు. కూడడానికి, తీసివేయడానికి పనికిరాని నంబరు నంబరు కాదు, టెక్స్ట్. ఖాతా నంబర్లను ఎవరైనా కూడుతారా?

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

పాత యాక్సెస్ ఫైలు పేరు చివరనుండే ఎమ్‌డీబీ అన్న తోకను కొత్తవాటికుండే ఏసీసీడీబీగా మారిస్తే ఫార్మాట్ మారినట్లేనంటారు. మారదు, మారేది పేరు ఒక్కటే. తెరిచి, 'సేవ్ యాజ్' ద్వారా మార్చాలి.

పాత యాక్సెస్ ఫైళ్లన్నీ ఇక చచ్చినట్లేనన్న పుకారు ఎవరు పుట్టించారో తెలియదు. 2000, 2003 నాటి ఎమ్‌డీబీలు ఇప్పటికీ తెరుచుకుంటాయి. పేచీ యాక్సెస్ 97 ఫైళ్లతోనే: 2013 నుంచి వచ్చిన వెర్షన్లు వాటిని తెరవవు. 2010 వెర్షన్ ఉన్న కంప్యూటర్ ఒకటి సంపాదించి అందులో మార్చుకుంటే సరి.

వేరే ప్రోగ్రాం నుంచి యాక్సెస్ ఫైలును తెరవబోతే 'ప్రొవైడర్ నమోదు కాలేదు' అన్న సందేశం రాగానే ఫైలు పాడైందని ఏడుపు మొహంతో ఫోన్ చేస్తారు. ఫైలుకు ఏమీ కాలేదు. చాలాసార్లు ఆఫీస్ 64 బిట్, మీ ప్రోగ్రాం 32 బిట్ అయి ఉంటుంది, లేదా దానికి తిరగబడి ఉంటుంది. నిశ్చింతగా ఉండండి.

ఫాక్స్‌ప్రో డేటా ఉండే డీబీఎఫ్ ఫైలు ఒక్కటి తెచ్చుకుంటే చాలనుకోవద్దు. ఫాక్స్‌ప్రోలో మెమో ఫీల్డులు, అంటే పొడవాటి రాతలుండే గడులు, ఎఫ్‌పీటీ అనే వేరే ఫైలులో ఉంటాయి, అదీ వెంట రావాలి. ఇంకో తమాషా: డీబీఎఫ్‌లో తొలగించిన రికార్డు వెంటనే పోదు, ముందు ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, 'ప్యాక్' అనే ఆదేశం ఇచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోని సాధనంతో దిగుమతి చేస్తే ఎప్పుడో సభ్యత్వం వదులుకున్నవారు మళ్లీ జాబితాలో ప్రత్యక్షమవుతారు.

ఎక్సెల్ పాత ఫార్మాట్ అయిన ఎక్స్‌ఎల్‌ఎస్‌లో 65,536 అడ్డు వరుసలే పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాకుండా పోయింది దీనివల్లే. అందుకే మార్పుకు ముందు, తర్వాత రికార్డుల సంఖ్య, డబ్బులుండే ఏదో ఒక నిలువు వరుస మొత్తం రాసిపెట్టుకుని సరిచూసుకోండి.

తెలుగు డేటా గురించి ఒక్కటి చెప్పాలి. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పట్టిక) తెలుగులో ఒక్కో సంకేతానికి, అంటే అక్షరానికో గుణింతపు గుర్తుకో, యూటీఎఫ్-8 అనే దాచుకునే పద్ధతిలో మూడు బైట్లు పడతాయి. శ్రీనివాసరావు అన్న పేరులో అలాంటివి పదమూడు, అంటే 39 బైట్లు. ముప్పై బైట్ల పాత ఫీల్డులోకి తోస్తే 'శ్రీనివాసర' దగ్గర తెగిపోతుంది. డీటీపీలో వాడే 'అను' ఫాంట్లతో టైపు చేసినది అసలు యూనికోడే కాదు, ఫాంటు పెట్టుకుంటే కనిపిస్తుందే తప్ప వెతకడానికి, అక్షరక్రమంలో పేర్చడానికి పనికిరాదు. కన్వర్టర్‌తో మార్చాల్సిందే.

దిగుమతి అయ్యాక తెలుగుకు బదులు తలపై గీత ఉన్న ఇంగ్లిష్ ఏ అక్షరం, డిగ్రీ గుర్తు వరుసగా కనిపిస్తే భయపడకండి. యూటీఎఫ్-8ను వేరే కోడ్‌పేజీగా (వేరే సంకేతాల పట్టికతో) చదివారంతే, యూటీఎఫ్-8 కోడ్‌పేజీ నంబరైన 65001 ఎంచుకుని మళ్లీ దిగుమతి చేయండి. కనిపించేవి వరుసగా ప్రశ్నార్థకాలైతే, ఆ ఫైలులోనూ అవే ఉంటే, అందులో తెలుగు ఇక లేదు, ఎవరూ తీసుకురాలేరు. అసలు ఫైలు వెతకాలి. పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయకముందే వెతకండి.