క్రాస్ జాయింట్: టోయింగ్ బండి ఉన్నవాళ్లకు అపోహలు – వాస్తవాలు

చెడిపోయిన బండిని తగిలించుకుని మొగిలి ఘాట్‌లో పలమనేరు వైపు ఎక్కుతుంటే, లాగే బండి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు బలం చేర్చే గొట్టం) మీద పడే భారం మామూలుది కాదు. ఇంజిన్ 200 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తే, ఫస్ట్ గేరు నిష్పత్తి 4 అనుకుంటే, షాఫ్ట్‌కి చేరేది 800. షాఫ్ట్ చివర వంపులోనూ తిరగనిచ్చే కూడిక గుర్తు ఆకారపు ముక్కే క్రాస్. ఆ బలమంతా దాని నాలుగు కాడలకు తొడిగిన కప్పుల్లో ఉన్న అగ్గిపుల్లంత సూదుల (సన్నటి బేరింగ్ రోలర్ల) మీదుగానే వెళ్లాలి. కొత్త క్రాస్ నెలల్లోనే పోయిందంటే సరుకును తిట్టేముందు బిగించిన తీరు చూడండి.

అపోహ: బండి పేరు చెబితే సరైన క్రాస్ ఇస్తారు.

ఒకే మోడల్‌లోనూ షాఫ్ట్ మారితే సైజు మారుతుంది. పాత క్రాస్ చేతిలో పెట్టుకుని వెర్నియర్‌తో కొలవండి: కప్పు బయటి వ్యాసం ఒకటి, ఎదురెదురు కప్పుల మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు పొడవు ఒకటి. సర్క్లిప్ (కప్పు జారకుండా గాడిలో పడే రింగు) లోపలివైపు పడే రకమైతే గాడి నుంచి గాడికి కొలవాలి. కప్పు 27, పొడవు 81.8 మి.మీ. ఉన్న క్రాస్‌కూ అర మిల్లీమీటరు ఎక్కువున్న దానికీ తేడా కంటికి తెలియదు. యోక్‌లో (క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్కలో) పెట్టాకే సర్క్లిప్ పట్టక బయటపడుతుంది.

అపోహ: సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే కప్పు దిగుతుంది.

ఎక్కువ క్రాస్‌లు పాడయ్యేది ఇక్కడే. కప్పులో సూదులు గ్రీజు జిగురు మీదే నిలబడి ఉంటాయి. దెబ్బకు ఒక సూది పక్కకు ఒరిగి అడుగున అడ్డంగా పడుతుంది. ఇక కప్పు పూర్తిగా దిగదు, సర్క్లిప్ గాడి సగమే కనిపిస్తుంది. అప్పుడు ఇంకా గట్టిగా కొడితే సూది విరుగుతుంది, క్రాస్ కాడ మీద గీతలు పడతాయి, యోక్ చెవి వంగుతుంది. గాడి పూర్తిగా కనిపించకపోతే కప్పు తీసి సూదులు చూడండి. పద్ధతి ఇది: యోక్ రంధ్రాన్ని తుప్పు లేకుండా శుభ్రం చేయాలి. కప్పును వైస్‌లో, కప్పుకన్నా కాస్త చిన్న సాకెట్‌తో నెట్టాలి. నెడుతున్నంతసేపూ క్రాస్ కాడను ఆ కప్పులోనే ఉంచితే సూదులు కదలవు. రెండువైపులా సర్క్లిప్‌లు పడ్డాక, యోక్ చెవుల మీద ఇత్తడి సుత్తితో మెల్లగా తట్టండి. కప్పులు సర్క్లిప్‌లకు ఆనుకుని క్రాస్ వదులవుతుంది. వేలితో కదిపితే అన్నివైపులా నున్నగా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తే బిగింపులో తప్పుంది.

అపోహ: కప్పు లూజైతే వెల్డింగ్ చుక్క పెడితే చాలు.

ఆ వేడికి సూదుల గట్టిదనం పోతుంది, గ్రీజు మాడుతుంది. రంధ్రం అరిగితే యోకే మార్చాలి.

అపోహ: షాఫ్ట్‌ని ఎలా తొడిగినా ఒకటే.

క్రాస్ వంపులో తిరిగేటప్పుడు షాఫ్ట్ వేగం ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. అవతలి క్రాస్ దాన్ని సరిచేయాలంటే షాఫ్ట్ రెండు చివరల యోక్‌లూ ఒకే వరుసలో ఉండాలి. స్లిప్ జాయింట్ (షాఫ్ట్‌లో పళ్ల మీద ముందుకూ వెనక్కూ జారే భాగం) ఒక్క పన్ను తప్పినా అదురు మొదలవుతుంది. విప్పేముందు రెండువైపులా పెయింట్ గుర్తు పెట్టండి. సుద్దగీత గ్రీజు చేతులకు చెరిగిపోతుంది.

అపోహ: కొత్త క్రాస్‌లో గ్రీజు ఉంటుంది కాబట్టి కొట్టక్కర్లేదు, నిపుల్ (గ్రీజు గన్ తగిలించే మూతి) ఉంటే బలం తక్కువ కాబట్టి లేనిదే కొనాలి.

నిపుల్ ఉన్న క్రాస్‌లో వచ్చే గ్రీజు సూదులు నిలవడానికే. బిగించాక నాలుగు సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టాలి. మూడు చోట్లే వస్తే నాలుగో కప్పు ఎండిపోయి చస్తుంది. నంబర్ 2 లిథియం ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే) గ్రీజు వాడండి. ఘాట్‌లు ఎక్కే బండికి 5,000 కిలోమీటర్లకోసారి, నీళ్లలో నడిచాక వెంటనే. రంధ్రాలు లేని నిండు క్రాస్‌ది బలం ఎక్కువన్నది నిజమే. కానీ తోతాపురి సీజన్లో తోటల మట్టిదారుల్లో తిరిగే బండికి, క్రమంగా గ్రీజు కొట్టేవాళ్లకు, నిపుల్ ఉన్నదే మేలు. నిపుల్ గ్రీజు గన్ అందే వైపుకే ఉండేలా క్రాస్ పెట్టుకోండి. కప్పు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే, రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చగానే టక్కుమంటే, ఆ జాయింట్ పని అయిపోయినట్టే.

అపోహ: షాఫ్ట్ విప్పేటప్పుడు గేరులో పెడితే బండి కదలదు.

షాఫ్ట్ విప్పిన క్షణం నుంచి గేరుకూ వెనక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ గేర్‌బాక్స్ వెనకున్న బండి అయితే అదీ పట్టదు. భాకరాపేట ఘాట్‌లో రోడ్డు పక్కన విప్పాల్సి వచ్చినా, ముందుగా చక్రాలకు అడ్డుకట్టలు వేశాకే షాఫ్ట్ చివరి ఫ్లాంజ్ బోల్ట్ మీద స్పానర్ పెట్టండి.