బడికి రాసిచ్చిన ఆస్తి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మన హైస్కూలు ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అని మీలో కొందరు అడిగారు. ఆ రెండు మాటల్లో ఏదీ దీనికి పూర్తిగా అతకదు. ఒక దాత తన ఆస్తిలో కొంత చదువు కోసం శాశ్వతంగా రాసిచ్చి, దాన్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత కొందరు ధర్మకర్తలకు అప్పగించగా వెలసిన బడి ఇది. రిజిస్ట్రీ అయిన నాటి నుంచి ఆ ఆస్తి దాతది కాదు, ఆయన వారసులదీ కాదు. వారసులకు పాలకవర్గంలో చోటు ఉండవచ్చు గానీ, అది సేవ చేయడానికే తప్ప అనుభవించడానికి కాదు. పెద్దవాళ్లు సైతం ఈ సంగతి మరచిపోతుంటారు గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

దానం చేసినంత మాత్రాన బడి పుట్టదని తెలుసుకోవడానికి పచ్చయప్ప మొదలియారు కథ చదవాలి. ఆయన చెన్నపట్నంలో దుబాసీగా, అంటే దొరలకూ దేశీయులకూ నడుమ వ్యవహారాలు నడిపే మనిషిగా, చిన్న వయసులోనే గొప్ప ధనం ఆర్జించాడు. కాశీ నుంచి కన్యాకుమారి దాకా దేవాలయాల్లో కైంకర్యాలకూ, అన్నదానాలకూ ఆ ధనం వినియోగించాలని 1794 మార్చిలో వీలునామా రాసి, నలభయ్యో ఏట, అదే నెలాఖరున కన్నుమూశాడు. ఆ తర్వాత జరిగినదంతా వ్యాజ్యమే. సొమ్ము ఎవరి చేతిలో ఉందో వారు దాన్ని ధర్మానికి ఖర్చుపెట్టలేదు, కోర్టులో దావాలు ఏళ్ల తరబడి నడిచాయి. చివరకు ఆనాటి మద్రాసు సుప్రీంకోర్టు కల్పించుకుని, సర్కారు తరఫు పెద్ద న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పట్టుదలతో ఒక స్కీము ఏర్పరచి, వీలునామాలో చెప్పిన ధర్మాలకు కావలసినంత విడిగా ఉంచి, వడ్డీతో పెరిగి మిగిలిన మొత్తాన్ని విద్యకు కేటాయించి, ధర్మకర్తల మండలికి అప్పగించింది. ఆ నిధితో చెన్నపట్నంలోని బ్లాక్ టౌనులో బడి తలుపులు తెరుచుకున్నది 1842 జనవరి 1న. దాత పోయిన నలభై ఎనిమిదేళ్లకన్నమాట! ఆ మధ్యకాలంలో చదువుకోవలసిన వయసులో ఉన్న పిల్లలు ఎన్ని తరాల వారో మీరే ఆలోచించండి. డబ్బు లేక వారికి ఆ బడి అందకుండా పోలేదు. ఉన్న డబ్బుకు జవాబుదారీ వహించే మనుషులు లేక పోయింది.

కాబట్టి పాలకవర్గం చేయవలసిన మొదటి పని మూలధనాన్ని కాపాడటం. విత్తనపు వడ్లను దంచుకు తినే రైతు ఎలా ఉండడో, మూలధనంలోంచి తీసి బడి గోడలకు సున్నం వేయించే ధర్మకర్త కూడా అలా ఉండకూడదు. వచ్చే రాబడిని మాత్రమే వాడాలి. అందులోనూ ఒక చిక్కు ఉంది. ఒక బడికి కోటి రూపాయల డిపాజిట్టు ఉందనీ, దానిమీద ఏటా ఏడు శాతం వడ్డీ వస్తుందనీ అనుకుందాం. ఏడాదికి ఏడు లక్షలు, నెలకు సుమారు 58 వేలు. ప్రభుత్వ స్కేలులో అనుభవం గడించిన ఒక్క స్కూల్ అసిస్టెంటు, అంటే హైస్కూలు టీచరు, జీతానికే అది చాలకపోవచ్చు. పైగా వడ్డీ మొత్తం ఏ ఏటికాయేడు ఖర్చుపెట్టేస్తే, ధరలు పెరిగే కొద్దీ ఆ కోటి విలువ తరిగిపోతూ ఉంటుంది. రాబడిలో కొంత తిరిగి మూలధనంలో కలపాలని పట్టుబట్టే సభ్యుడిని లోభి అని ఆడిపోసుకుంటారు, కానీ ఇరవై ఏళ్ల తర్వాత రాబోయే పిల్లల పక్షాన ఆ గదిలో మాట్లాడుతున్నవాడు అతనొక్కడే.

భూములున్న బడికి అసలు పరీక్ష కౌలు వేలంపాట రోజున ఎదురవుతుంది. మా ప్రాంతంలో ఒక బడి పొలాల వేలానికి నేను హాజరయ్యేవాణ్ణి. చెట్టుకింద బల్ల వేసి, దండోరా వేయించామని కాగితంలో రాసుకుని, పాట మొదలుపెట్టేవారు. వచ్చినవారు ముగ్గురో నలుగురో, అందరూ ముందే కూడబలుక్కున్నవారు. నిరుటి పాట మీద వంద రూపాయలు పెంచి ఒకరు పాడితే, మిగిలినవారు తలలు ఆడించి లేచిపోయేవారు. పక్క పొలం కౌలు ఎంత పలుకుతోందో అక్కడున్న అందరికీ తెలుసు, అయినా నోరు విప్పినవారు లేరు. బడికి రావలసిన సొమ్ము పోయేది ఇలా మర్యాదగా, సంతకాలతో సహా. అందుకే వేలం ప్రకటన నలుగురూ చూసేలా వేయడం, చుట్టుపక్కల రేటును బట్టి కనీసపు పాట ముందే నిర్ణయించడం, పాడుకునేవాడు బంధువైతే ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్లడం, ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో రాయించడం అవసరం. చూడటానికి ఇవి చిల్లర విషయాల్లా ఉంటాయి. నా దృష్టిలో బడి పాలన అంటే చాలామట్టుకు ఇవే.

ఇక జీతాలు. దాత ఇచ్చిన ఆస్తి రాబడి ఒక్కదానితో హైస్కూలు నడిచే రోజులు ఎప్పుడో పోయాయి. ప్రైవేటు యాజమాన్యాల బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతిని 1854లో వచ్చిన ఉడ్ విద్యా నివేదిక మన దేశంలో ప్రవేశపెట్టింది. మంజూరైన పోస్టులకు జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, స్థలం, భవనం, నిర్వహణ యాజమాన్యం చూసుకుంటుంది. ఎయిడెడ్ అనేది దీనినే. జీతం ఇచ్చే చెయ్యి నియామకాల్లో, లెక్కల్లో, ఫీజుల్లో నియమాలు పెట్టడం న్యాయమే. కానీ ఆ చెయ్యి వెనక్కి తగ్గితే ఏమవుతుందో 2021లో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. ఎయిడెడ్ సంస్థలను ప్రభుత్వానికి అప్పగించడమా, ఎయిడ్ వదులుకుని సొంతంగా నడుపుకోవడమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఫీజులు పెరుగుతాయన్న భయంతో విద్యార్థులూ తల్లిదండ్రులూ రోడ్లమీదికి వచ్చారు. అప్పటికే సమ్మతి ఇచ్చిన యాజమాన్యాలు దాన్ని వెనక్కి తీసుకోవచ్చునని ప్రభుత్వం తర్వాత ప్రకటించింది. సొంత రాబడి ఏమాత్రమైనా మిగిలి ఉన్న బడికి అటువంటి ఘడియలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. మూలధనం ఎందుకు తినకూడదో అప్పుడు అర్థమవుతుంది.

మీలో ఒకమ్మాయి మంచి ప్రశ్న వేసింది. దాత రాసిన మాటను ఎప్పటికీ అక్షరం పొల్లుపోకుండా పాటించాలా అని. ఇంగ్లండులో లీడ్స్ గ్రామర్ స్కూలు ధర్మకర్తలు తమ పిల్లలకు ఆధునిక భాషలు, గణితం కూడా నేర్పించాలనుకుంటే, 1805లో అక్కడి న్యాయాధిపతి లార్డ్ ఎల్డన్ ఒప్పుకోలేదు. దాత నెలకొల్పింది లాటిన్, గ్రీకు నేర్పే బడి కాబట్టి ఆ నిధిని మరో చదువుకు మళ్లించరాదన్నాడు. అటువంటి బడులు పాఠ్యాంశాలు పెంచుకునేందుకు 1840లో పార్లమెంటు చట్టమే చేయవలసి వచ్చింది. మద్రాసు కోర్టు పచ్చయప్ప సొమ్ము విషయంలో మరింత ఉదారంగా ఆలోచించింది గానీ, ఆ సంస్థ కూడా 1947 వరకు హిందువులకు మాత్రమే ప్రవేశం ఇచ్చింది. తలుపులు అందరికీ తెరవడానికి నూరేళ్లు దాటింది. దాత మాటను గౌరవించడమంటే ఆయన కాలంలోనే ఆగిపోవడమని నేను అనుకోను. అయితే ఆ మార్పు యాజమాన్యం తరఫున బడి వ్యవహారాలు చూసే ఏ కరస్పాండెంటో తనంతట తాను చేసేది కాకూడదు. పాలకవర్గం తీర్మానం చేసి, కారణాలు రాసి, చట్టప్రకారం ఎవరి అనుమతి కావాలో వారి దగ్గరికి బహిరంగంగా వెళ్లాలి.

మన బడి దస్తావేజు నకలు ఆఫీసు బీరువాలో ఉంటుంది. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, తెలుగు మాస్టారి సాయంతో చదవండి, పాత రాత కాబట్టి కొన్ని మాటలు కొరుకుడు పడవు. పోయిన ఏడాది ఆడిట్ నివేదిక కూడా అడగండి. రాబడి వైపు పొలం కౌలు, డిపాజిట్టు వడ్డీ, గ్రాంటు విడివిడిగా చూపించారో లేదో, మూలధనంలో ఎంత కలిపారో రాసుకుని నాకు పంపితే, అర్థం కాని పద్దులకు వచ్చే ఉత్తరంలో జవాబు రాస్తాను.

మీ తాతయ్య