లివ్, స్టే, రిసైడ్: ‘ఎక్కడ ఉంటారు’ దగ్గర మన అపోహలు

ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవాళ్లకు రోజూ ఎదురయ్యే తప్పులు పెద్ద వ్యాకరణంలో ఉండవు, ఇలాంటి చిన్న క్రియల దగ్గరే ఉంటాయి.

అపోహ: లివ్ అంటే జీవించడం. ఊరు చెప్పాలంటే స్టే వాడాలి.

లివ్ అంటే జీవించు అని చిన్నప్పుడు బట్టీ పట్టాం. ‘నేను గుంటూరులో జీవిస్తాను’ అని తెలుగులో ఎవరూ అనరు కాబట్టి ‘ఐ లివ్ ఇన్ గుంటూరు’ అనడానికి నోరు రాదు. పైగా ‘ఉంటున్నాను’లోని ‘టున్నా’ను ‘ఇంగ్’గా మార్చేస్తాం. అలా ‘ఐయామ్ స్టేయింగ్ ఇన్ గుంటూరు’ తయారవుతుంది. సొంత ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్లుగా ఉంటున్న మనిషి ఈ మాట అంటే లండన్ మనిషికి ఏదో లాడ్జిలో దిగినట్టు వినిపిస్తుంది. ఎప్పుడు వెళ్లిపోతున్నారని అడిగినా అడుగుతాడు.

వాస్తవం: స్థిరంగా ఉండే చోటుకు లివ్, కొన్నాళ్లు దిగే చోటుకు స్టే. మేనమామ ఇంట్లో వారం రోజులైతే స్టే. హాస్టల్లో నాలుగేళ్లు చదువుకునే అమ్మాయి మాత్రం నిక్షేపంగా లివ్ అనవచ్చు. ‘ఐయామ్ లివింగ్’ కూడా తప్పేమీ కాదు, ప్రస్తుతానికి ఇక్కడ అనే ధ్వని ఉంటుందంతే. అయితే ‘2010 నుంచి’ అన్నారంటే ‘ఐయామ్’ పనికిరాదు, ‘ఐ హావ్ బీన్ లివింగ్’ అనాలి. మన తెలుగులో రెండింటికీ ‘ఉంటున్నాను’ ఒక్కటే సరిపోతుంది కనుక ఈ తేడా ఓ పట్టాన పట్టుబడదు.

స్టే అనగానే నవ్వే పండితులకు ఒక మాట. స్కాట్లాండ్‌లో ‘వేర్ డు యూ స్టే’ అంటే మీ ఇల్లెక్కడ అనే. దక్షిణాఫ్రికాలోనూ ఈ వాడుక ఉంది. మన దేశంలోనూ ఇంతగా పాతుకుపోయిన మాటను తప్పు కింద కొట్టేయడానికి నాకు మనసొప్పదు. పరీక్షలో, వీసా ఇంటర్వ్యూలో మాత్రం లివ్ అనండి, గొడవ ఉండదు.

అపోహ: రిసైడ్ అంటే ఎక్కువ మర్యాద.

వాస్తవం: అది మర్యాద మాట కాదు, కాగితాల మాట. దరఖాస్తులు, అఫిడవిట్లు, కోర్టు పత్రాలు దాని చోటు. పక్కింటాయన పలకరిస్తే ‘ఐ రిసైడ్’ అనడం, ‘నేను ఫలానా వీధి వాస్తవ్యుడను’ అన్నట్టే ఉంటుంది.

అపోహ: ఇన్‌హాబిట్ (ఒక చోట నివాసముండటం) తర్వాత ‘ఇన్’ రావాలి.

వాస్తవం: అక్కర్లేదు, చోటు పేరు నేరుగా వస్తుంది. ఒక తెగ ఒక దీవిని, పులులు ఒక అడవిని ఇన్‌హాబిట్ చేస్తాయి. మీరొక్కరే విజయవాడను ఇన్‌హాబిట్ చేస్తున్నానంటే వినడానికి వింతగా ఉంటుంది.

దీని పక్కనే ఇంకో ఉచ్చు ఉంది. ఇన్‌హాబిటబుల్ అంటే నివాసానికి పనికిరానిదని చాలామంది అనుకుంటారు. అందులోని ‘ఇన్’ వ్యతిరేకార్థం కాదు. హాబిటబుల్ అన్నా, ఇన్‌హాబిటబుల్ అన్నా నివాసయోగ్యమనే అర్థం. పనికిరాని ఇంటిని అన్‌ఇన్‌హాబిటబుల్ అనాలి. ఇల్లు అద్దెకిస్తూ ప్రకటన రాసేటప్పుడు ఆ ‘అన్’ ఒక్కటి పొరపాటున చేరకుండా చూసుకోండి.