రాయగడ హ్యాంగింగ్ బ్రిడ్జి: రంగు కాదు, తాడు చూడాలి

మజ్జిగౌరమ్మ దర్శనానికి ఒడిశాలోని రాయగడ వెళ్లే మనవాళ్లలో చాలామంది చెకాగుడ దాకా పోయి నాగావళి మీదున్న హ్యాంగింగ్ బ్రిడ్జి కూడా చూసొస్తారు. కాలినడకన దాటే వంతెన అది. ఇప్పుడంటే సెల్ఫీల చోటు అయింది గానీ, ఇలాంటి వంతెన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు ఏటి సంగతి తెలియాలి.

కలహండి కొండల్లో పుట్టిన నాగావళి రాయగడ మీదుగా ఆంధ్రాలోకి దిగి, శ్రీకాకుళం దగ్గర కల్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది. మొత్తం 256 కిలోమీటర్లు. పైన కొండల్లో గట్టి వాన పడితే చాలు, కింద గంటల్లో ఏరు పోటెత్తుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. అప్పటికే, 1931లో, విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయింది. అంటే ఏరు దాటే వంతెనలు రైలుకు అప్పటికే ఉన్నాయన్నమాట! ఆ రైలు వంతెనలకైనా భరోసా లేదు. 2017 జులై వరదలో సింగపూర్ రోడ్డు, తెరుబలి స్టేషన్ల మధ్య ఒకటి కొట్టుకుపోయింది. ఏటి మధ్యలో స్తంభం లేకుండా రెండు ఒడ్లనూ పట్టుకుని వేలాడే వంతెన గొప్పదనం ఇక్కడే తెలుస్తుంది.

దాని ప్రాణం మనం తొక్కే పలకల్లో ఉండదు. బరువంతా మోసేది ఉక్కు తాళ్లే. ఆ తాళ్లు ఒడ్డున కాంక్రీటు దిమ్మెలోకి దిగే చోట, క్లాంపుల కింద, తడి నిలిచి లోలోపల తుప్పు పడుతుంది. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది. గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెనకు జరిగిందదే. పాత తాళ్లు అలాగే ఉంచి, నడిచే పలకలు మాత్రం మార్చి వంతెన తెరిచారు. రోజుల్లోనే, 2022 అక్టోబర్ 30న, తాడు తెగి 135 మంది చనిపోయారు. ప్రధాన తాడులోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. ఆ భయంతోనే కటక్ దగ్గర ధబళేశ్వర్ వేలాడే వంతెన మీద ఒకేసారి ఎక్కే జనానికి పరిమితి పెట్టారు.

పాత వంతెనను కాపాడటమంటే మన దగ్గర రంగులు, లైట్లు. నా మటుకు నాకు, ఆ డబ్బులో సగమైనా క్లాంపులు విప్పి తాళ్లు పరీక్షించడానికి పెట్టాలి. పిక్నిక్‌ల సీజన్‌లో ఒకేసారి ఎంతమంది ఎక్కొచ్చో చెప్పే బోర్డు రెండు ఒడ్లనా ఉండాలి. ఒడియాతో పాటు తెలుగులో కూడా. వచ్చేవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు.