అమ్మాయికి బ్రోషర్, అబ్బాయికి టెరిటరీ

పంపులు, గేర్లు, కంప్రెసర్లు తయారుచేసే కంపెనీలో ఒకే రోజు ఇద్దరు ఉద్యోగంలో చేరతారు. ఇద్దరిదీ ఒకే వయసు, ఇంచుమించు ఒకే చదువు. ఆఫర్ లెటర్‌లో ఇద్దరికీ మార్కెటింగ్ అనే ఉంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి అబ్బాయి తనకు అప్పగించిన అమ్మకాల ప్రాంతంలో, అంటే టెరిటరీలో, బ్యాగు సర్దుకుని కస్టమర్ల ప్లాంట్ల చుట్టూ తిరుగుతుంటాడు. అమ్మాయి ఎగ్జిబిషన్ స్టాల్ డిజైను, బ్రోషర్ ప్రూఫులు, డీలర్ల మీటింగ్ ఏర్పాట్లు చూస్తుంటుంది. ఆమెను ఎవరూ అడ్డుకోలేదు. "ఫీల్డ్ పనంటే మీకెందుకండీ ఆ టెన్షన్" అని మర్యాదగానే అన్నారు. పదేళ్ల తర్వాత మార్కెటింగ్ హెడ్‌గా ఎవరిని పెట్టాలన్న మాట వచ్చినప్పుడు "ఆవిడకు కస్టమర్లు తెలియదు కదా" అని కూడా అంతే మర్యాదగా అంటారు.

ఇది ఎవరో ఒక మేనేజరు బుద్ధితో మొదలైంది కాదు. మెషిన్లు అమ్మే పనికి నిచ్చెన ఎలా కట్టారు, దాని కింది మెట్లు ఆడవాళ్లకు ఎలా మూసుకుపోయాయి అన్నది చూస్తే తప్ప ఈ మర్యాద ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు.

సబ్బు అమ్మడం వేరు, గేర్లు కోసే మెషిన్ అమ్మడం వేరు. సబ్బు కొనేవాళ్లు లక్షల్లో ఉంటారు, నచ్చకపోతే మళ్లీ కొనరు, అక్కడితో సరి. మెషిన్ కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కొన్నాక ఏళ్ల తరబడి దాంతోనే కాపురం. కాబట్టి వాళ్ల ప్రశ్నలు కూడా అలాగే ఉంటాయి. మా లోడుకి ఆగుతుందా? బేరింగు పోతే ఎన్ని రోజుల్లో పంపుతారు? అర్ధరాత్రి లైను ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాడి మాటే అక్కడ చెల్లుతుంది. అందుకే పాత కంపెనీలు మార్కెటింగ్ కోసం విడిగా మనుషుల్ని తీసుకునేవి కావు. షాప్ ఫ్లోర్‌లో, అంటే ఫ్యాక్టరీలో మెషిన్లు నడిచే చోట, చేతులకు గ్రీజు పూసుకున్నవాడు సర్వీసుకు వెళ్లేవాడు. సర్వీసులో పేరు తెచ్చుకున్నవాడు అమ్మకాలకు, అమ్మకాల్లో నిలదొక్కుకున్నవాడు పై కుర్చీకి. నిజానికి ఇది మంచి పద్ధతే. చిక్కంతా మొదటి మెట్టు దగ్గర ఉంది.

ఆ మొదటి మెట్టు దొరికిన ఒక అమ్మాయి ఎంత దూరం వెళ్లిందో చెప్పాలంటే కేట్ గ్లీసన్ సంగతి చెప్పాలి. 1865లో అమెరికాలోని రోచెస్టర్‌లో పుట్టింది. తండ్రి విలియం గ్లీసన్‌కు మెషిన్లు తయారుచేసే వర్క్‌షాప్ ఉండేది. అక్కడ తండ్రికి కుడిభుజంగా ఉన్న సవతి అన్న టామ్ 1877లో చనిపోయాడు. అప్పుడు పదకొండేళ్ల కేట్ తండ్రికి సాయంగా వర్క్‌షాప్‌కు వచ్చింది. 1884లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదవడానికి చేరినా, వ్యాపారానికి ఆమె అవసరం పడి చదువు మధ్యలోనే వెనక్కి రావాల్సి వచ్చింది. డిగ్రీ చేతికి రాలేదు కానీ మెషిన్ చేతికొచ్చింది. 1893లో పశువులను తీసుకెళ్లే స్టీమర్ ఎక్కి యూరప్‌కు వెళ్లి, అక్కడి దేశాలు తిరిగి ఆర్డర్లు పట్టుకొచ్చింది. ఆ కంపెనీ గేర్లు కోసే మెషిన్లకే పేరు మోసిన సంస్థగా ఎదగడంలో ఆమె అమ్మకాల పాత్ర పెద్దది. 1914లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఆమెను పూర్తి స్థాయి సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ హోదా దక్కిన తొలి మహిళ ఆమే.

ఇక్కడ నాకు నవ్వు తెప్పించే విషయం ఒకటుంది. బెవెల్ గేర్లు, అంటే శంకువు ఆకారపు పళ్ల చక్రాలు, కోసే ఆ మెషిన్‌ను కేట్ కనిపెట్టిందని చాలామంది మెచ్చుకునేవారు. అది తండ్రి 1874లో తయారుచేసింది, అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు. ఆమె చేయని ఇన్వెన్షన్‌కు చప్పట్లు కొట్టారు. కొనేవాళ్ల గుమ్మం ఎక్కి ఆర్డరు తేవడం అనే అసలు పని మాత్రం గొప్పగా కనిపించలేదు. మెషిన్ల లోకంలో మార్కెటింగ్‌కు ఉన్న చిన్నచూపు అంత పాతది.

ఇంకో సంగతి. వర్క్‌షాప్ నాన్నది కాబట్టి ఆమె గేటు దాటగలిగింది. మిగతా అమ్మాయిలకు ఆ గేటు దగ్గరే కొత్త అడ్డంకి వచ్చింది, అదీ రక్షణ పేరుతో. 1906లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కొన్ని యూరప్ దేశాలు పరిశ్రమల్లో ఆడవాళ్లతో రాత్రిపూట పని చేయించకూడదని ఒప్పందం చేసుకున్నాయి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టగానే అదే నిషేధాన్ని ఒడంబడికగా తెచ్చింది. 1934లోనూ 1948లోనూ దాన్ని సవరించింది. ఆ రోజుల మిల్లుల్లో ఆడవాళ్ల చేత చేయించుకున్న చాకిరీ చూస్తే ఆ చట్టం పెట్టినవాళ్లను తప్పు పట్టలేం. కానీ 1934 సవరణలో ఒక మినహాయింపు ఉంది. యాజమాన్య బాధ్యతల్లో ఉండి, మామూలుగా శారీరక శ్రమ చేయని మహిళలకు నిషేధం వర్తించనక్కర్లేదు. అంటే మేనేజరైతే రాత్రి ఉండొచ్చు. మరి రాత్రి షిఫ్టు చేయకుండా, మూడు షిఫ్టుల్లోనూ మెషిన్ ఎలా ప్రవర్తిస్తుందో చూడకుండా ఆ మేనేజరు ఎక్కడి నుంచి వస్తుంది? పై మెట్టు మీద నిలబడే హక్కు ఇచ్చి, కింది మెట్లు తీసేసినట్టయింది. జర్మనీలో కార్మిక మహిళల రాత్రి పనిపై నిషేధాన్ని రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది 1992లో. అంత దగ్గరి చరిత్ర ఇది.

కింది మెట్లు లేనివాళ్లను ఎటు పంపారో లిలియన్ గిల్‌బ్రెత్ జీవితంలో చూడొచ్చు. భర్త ఫ్రాంక్‌తో కలిసి ఫ్యాక్టరీల్లో పనివాళ్ల కదలికలను గమనించి, వృథా శ్రమ తగ్గించే పద్ధతులు రూపొందించిన నిపుణురాలు. 1915లోనే డాక్టరేట్ తీసుకుంది. 1924లో ఫ్రాంక్ హఠాత్తుగా చనిపోయాక, అప్పటిదాకా ఇద్దరితో పనిచేయించుకున్న కంపెనీలు కొన్ని కాంట్రాక్టులు కొనసాగించలేదు. మనిషి అదే, తెలివీ అదే, పక్కన భర్త లేడంతే. బతుకుతెరువుకు ఆమె వంటగదుల వైపు, ఇంట్లో వాడే వస్తువుల వైపు మళ్లింది. జాన్సన్ అండ్ జాన్సన్ కోసం శానిటరీ నాప్‌కిన్ల మార్కెట్‌పై పరిశోధన చేసింది, స్టవ్ ఎంత ఎత్తులో ఉండాలో లెక్కగట్టింది. అవన్నీ చక్కటి పనులే. కానీ ఆడవాళ్లు కొనే వస్తువు గురించి ఆడమనిషి చెబితే వింటాం, మెషిన్ గురించి చెబితే వినం అన్న గీత అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మార్కెటింగ్ చదువుకున్న అమ్మాయికి షాంపూ కంపెనీ తలుపు తీసినంత సులువుగా వాల్వుల కంపెనీ తీయకపోవడానికి మూలం ఆ గీతే.

చదువుల సంగతి త్వరగా ముగిస్తాను. అమెరికాలో జార్జియా టెక్ అనే ఇంజినీరింగ్ విద్యాసంస్థ అమ్మాయిలను చేర్చుకుంది 1952లో. ఫ్రాన్స్‌లోని పేరున్న ఇంజినీరింగ్ విద్యాసంస్థ ఎకోల్ పాలిటెక్నిక్ 1972లో. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటేనే సేల్స్ అన్న కంపెనీల్లో అమ్మాయిలు ఎందుకు లేరన్న ప్రశ్నకు సగం జవాబు ఈ తేదీల్లోనే ఉంది.

1958లో మెక్‌గ్రా హిల్ అనే పత్రికల సంస్థ వేసిన ఒక ప్రకటన పారిశ్రామిక మార్కెటింగ్ వాళ్లకు ఇప్పటికీ పాఠమే. కుర్చీలో ఒక బట్టతల మనిషి కూర్చుని, నవ్వు లేని ముఖంతో సూటిగా చూస్తుంటాడు. మీరెవరో తెలియదు, మీ కంపెనీ తెలియదు, మీ సరుకు తెలియదు, ఇంతకీ నాకేం అమ్ముదామని వచ్చారు అన్నది అతని మాటల సారం. సేల్స్‌మన్ వెళ్లకముందే అమ్మకం మొదలవ్వాలని చెప్పడం దాని ఉద్దేశం. మార్కెటింగ్ ఎందుకు కావాలో అంత సూటిగా చెప్పింది మరొకటి నేను చూడలేదు. కాకపోతే అందులో కొనేవాడూ మగవాడే, అమ్మేవాడూ మగవాడే.

1972లో ఫ్రెడరిక్ వెబ్‌స్టర్, యోరమ్ విండ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కుర్చీని కాస్త పక్కకు జరిపారు. పెద్ద కొనుగోలు ఒక్కడి నిర్ణయం కాదు, వాడేవాళ్లు, సలహా ఇచ్చేవాళ్లు, బేరమాడేవాళ్లు, సంతకం పెట్టేవాళ్లు, సమాచారం లోపలికి వెళ్లనిచ్చేవాళ్లు అందరూ కలిస్తేనే జరుగుతుందని చెప్పారు. ఒక్క పెద్దమనిషితో మందు పార్టీలో దోస్తీ చేస్తే ఆర్డరు వస్తుందన్న నమ్మకం అక్కడి నుంచి మెల్లగా పలచబడింది. మెయింటెనెన్స్ వాళ్లకో మాట, ఫైనాన్స్ వాళ్లకో లెక్క విడివిడిగా చెప్పగలగడం నైపుణ్యం అయింది. అయినా కంపెనీలు తొందరపడలేదు. జనరల్ ఎలక్ట్రిక్ అంతటి సంస్థలో చీఫ్ మార్కెటింగ్ ఆఫీసర్ పదవి 20 ఏళ్లకు పైగా ఖాళీగా ఉండి, 2003లో బెత్ కామ్‌స్టాక్‌తో నిండింది. ఆమె ఇంజినీర్ కాదు, టీవీ, ప్రచార రంగాల నుంచి వచ్చింది. షాప్ ఫ్లోర్ దాటకుండా కూడా అక్కడికి చేరే దారి ఒకటుందని అప్పుడు తెలిసింది.

మూడేళ్లకే మార్పుకు ఇంకో గుర్తు. 1898 నుంచి అమెరికా ఫ్యాక్టరీల టేబుళ్ల మీద ఉంటూ వచ్చిన థామస్ రిజిస్టర్ అనే, ఏ సరుకు ఎవరు తయారుచేస్తారో చెప్పే లావుపాటి డైరెక్టరీ 2006తో అచ్చు ఆపేసి ఆన్‌లైన్‌కు మారింది. కొనేవాళ్లు ఇప్పుడు ముందే వెతుక్కుని, డ్రాయింగులు దించుకుని, నాలుగు కంపెనీలను పోల్చుకుని, ఆ తర్వాతే ఫోన్ చేస్తున్నారు. వాళ్లు చదివే ఆ పేజీ రాసే మనిషి, చాలాచోట్ల, బ్రోషర్ల పనికి పెట్టిన ఆ అమ్మాయే.

అలాగని చిక్కు విడిపోలేదు. ప్లాంటుకు వెళ్తే విజిటర్ల షెల్ఫులో ఉన్న సేఫ్టీ షూ అన్నీ పెద్ద సైజులే. రెండు జతల సాక్సులు వేసుకుని, కాలు ఈడ్చుకుంటూ, నడిచేవాళ్ల కోసం నేల మీద గీసిన గీత వెంట నడవాలి. మీటింగ్‌లో కూర్చున్నాక "సార్ వస్తున్నారా, మొదలుపెడదామా?" అని అడుగుతారు. ఇవి చిరాకు పెట్టేవే కానీ దాటగలిగేవి. అసలు చూసుకోవాల్సింది ఉద్యోగంలో చేరేటప్పుడే. బ్రోషర్లు, ప్రచారం చూసే మార్కెటింగ్ కమ్యూనికేషన్స్ అని రాసి ఉందా, సరుకునూ కొనేవాళ్లనూ చూసే ప్రోడక్ట్ మార్కెటింగ్ అని ఉందా? మొదటి ఏడాదిలో సర్వీసు ఇంజినీర్లతో సైటుకు ఎన్నిసార్లు పంపుతారు? కొత్త మోడల్‌కు ధర నిర్ణయించే మీటింగ్‌కు మార్కెటింగ్ నుంచి ఎవరు వెళ్తారు? మూడో ప్రశ్నకు ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, ఆ ఉద్యోగం ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో అప్పుడే తెలిసిపోతుంది.