కప్పకు లైసెన్సు ఎంతవుతుంది సార్?

అనంతపురంలో నేను పెంపుడు జంతువుల డాక్టర్ని. తొలి వాన పడిందంటే ఎవరో ఒకరు డబ్బా పట్టుకుని క్లినిక్‌కు వస్తారు. మొన్న ఒక కుర్రాడి డబ్బాలో పసుపుపచ్చని బావురుకప్ప, మూతకు మేకుతో కొట్టిన నాలుగు బొక్కలు. "దీనికి లైసెన్సు ఎంతవుతుంది సార్?" అన్నాడు.

అపోహ: డబ్బు కడితే లైసెన్సు ఇస్తారు.

వాస్తవం: అలాంటి లైసెన్సే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జంతువును చంపడమే కాదు, పట్టుకోవడమూ వేటే. పరిశోధనకో, చదువుకో రాష్ట్రంలో వన్యప్రాణుల బాధ్యత చూసే అటవీ అధికారి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వొచ్చు గానీ ఇంట్లో ముచ్చటకు ఇవ్వరు. బావురుకప్పల కాళ్ళను టన్నులకొద్దీ విదేశాలకు పంపుతుంటే 1987లో ఆ ఎగుమతినే ఆపేశారు.

అపోహ: పూజకు గంటసేపు పట్టుకుంటే ఏమవుతుంది?

చిన్నప్పుడు వానల కోసం చేసే కప్పతల్లి గుంపులో నేనూ తిరిగినవాణ్నే. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి ఇల్లిల్లూ తిప్పితే అవ్వలు చెంబుతో నీళ్ళు పోసేవాళ్ళు. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుందని అప్పట్లో మాకేం తెలుసు? తాడు బిగువుకీ, పసుపుకీ, ఎండకీ వీధి చివరికొచ్చేసరికి అది కదిలేది కాదు. మట్టి కప్పను కడితే మాత్రం అవ్వలు నీళ్ళు పోయరా?

అపోహ: కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేసుకుంటే చాలు.

వాస్తవం: లైసెన్సు పుకారు పుట్టింది ఇక్కడే. 2024లో వచ్చిన ఆ రిజిస్ట్రేషన్ నియమాలు సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని విదేశీ జంతువులకు: మకావ్, ఆఫ్రికన్ గ్రే చిలుక, ఇగువానా లాంటివాటికి. మన రామచిలుకకు ఆ దారి లేదు. చిలకజోస్యం చెప్పేవాళ్ళ దగ్గర ఉంది కదా అంటారు, అదీ నేరమే. లవ్‌బర్డ్స్ అని మనం పిలిచే ఆస్ట్రేలియా బడ్జీలకైతే ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, హాయిగా పెంచుకోండి.

అపోహ: నేను పట్టలేదు, ఎవరో గిఫ్టు ఇచ్చారు.

మా జిల్లాలో ఇది నక్షత్ర తాబేలు విషయంలో ఎక్కువ. ఒకాయన చెప్పుల పెట్టెలో తెచ్చాడు. రోజూ అన్నం, టమోటా పెట్టారట. డిప్ప మీద నక్షత్రాలు గుట్టల్లా ఉబ్బిపోయాయి, నొక్కితే అంచు మెత్తగా వంగింది. ఇప్పుడది ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాబితా, షెడ్యూల్ ఒకటిలోని జంతువు. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. గిఫ్టుగా ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే. చేతికొస్తే 48 గంటల్లో అటవీశాఖకో, పోలీసులకో చెప్పాలి. గుట్టుగా కొండలో వదిలేయొద్దు, ఇంట్లో అంటిన రోగం అక్కడి తాబేళ్ళకూ పాకుతుంది.

ఆయన తాబేలును అటవీశాఖ రేంజ్ ఆఫీసులో ఇచ్చేసి, మర్నాడు ఖాళీ చెప్పుల పెట్టెతో మళ్ళీ వచ్చాడు. "పాప ఏడుస్తా ఉంది సార్. బడ్జీలు జతే కొనాల్నా, ఒకటి సాలునా?"