తడలో ఎక్కిన మాట బేసిన్ బ్రిడ్జి దాకా వస్తుందా?

సూళ్లూరుపేట నుంచి చెన్నై మూర్ మార్కెట్‌కు పోయే పొద్దుటి లోకల్లో మాదొక చిన్న జట్టు. చెన్నై పారీస్ కార్నర్‌లో ఒక కంపెనీకి లెక్కలు చూసే నేను, రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్న బాబాయ్, బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు వెళ్లే ఒక అమ్మాయి, ఒక డిగ్రీ కుర్రాడు. బాబాయ్ మాకెవరికీ చుట్టం కాదు, పెట్టె మొత్తానికీ ఆయన బాబాయే. అమ్మాయికి ఇంగ్లిషు పేపరంటే టెన్షన్. అది తగ్గించడానికి మొదలుపెట్టిందే మా రోజుకో మాట. వంతులవారీగా ఒకరు కొత్త ఇంగ్లిషు మాట తెచ్చి అర్థం చెప్పాలి, మిగతా ముగ్గురూ నేర్చుకోవాలి.

మొదటిరోజు నా వంతు. తడ దాటుతుండగా 'రిలక్టెంట్' అన్నాను. మనసు లేకుండా, కాళ్లీడ్చుకుంటూ చేసే పని గురించి చెప్పే మాట. ముగ్గురూ రెండేసి సార్లు పలికారు. గుమ్మిడిపూండిలో జనం తోసుకుంటూ ఎక్కారు, సంచులు పైకెక్కాయి, 'కొంచెం జరగండి'లు అయ్యాయి. అంతా సర్దుకున్నాక "ఏదీ, ఇందాకటి మాట?" అన్నాను. బాబాయ్ కిటికీలోంచి బయటికి చూశాడు. కుర్రాడు "రి... రి అని మొదలవుద్ది అన్నా" అన్నాడు. నేర్పి అరగంట కూడా కాలేదు.

ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త మరుపును తన మీదే ప్రయోగాలు చేసుకుని కొలిచి, ఆ ఫలితాలను 1885లో అచ్చువేశాడు. అర్థం పర్థం లేని చిన్న చిన్న ముక్కలు 2,300 దాకా తయారుచేసుకుని, వాటిని వరసలుగా వల్లెవేసేవాడు. కొంతసేపు ఆగి అవే వరసలు మళ్లీ నేర్చుకుంటే మొదటిసారి మీద ఎంత శ్రమ కలిసొస్తుందో లెక్కగట్టేవాడు. 20 నిమిషాలకు కలిసొచ్చింది 58 శాతం, గంటకు 44, మర్నాటికి 34, నెల తర్వాత 21. అంటే మరుపు మొదటి గంటలో జారుడుబల్ల మీద జారినట్టు జారుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. మొదటి రోజును దాటి మిగిలిందాంట్లో సగానికి పైగా నెలకు కూడా మిగిలే ఉంది.

అర్థంలేని ముక్కల లెక్క మనకెందుకని అడగొచ్చు. రిలక్టెంట్ అన్న మాట మొదటిసారి విన్న చెవికి అది అర్థంలేని ముక్క కాక ఇంకేమిటి? 'అయిష్టం'లో ఇష్టం ఉంది, దాన్ని పట్టుకుని అర్థం దాకా పోవచ్చు. దీంట్లో పట్టుకోవడానికి మనకేమీ లేదు.

బాబాయ్ ఏ పుస్తకమూ చదవకుండానే ఒక ఉపాయం చెప్పాడు. తడలో చెప్పిన మాటను ఆరంబాకంలో అడగాలి. తర్వాత గుమ్మిడిపూండిలో, ఆ తర్వాత పొన్నేరిలో, ఎన్నూరులో, చివరికి బేసిన్ బ్రిడ్జి సిగ్నల్ దగ్గర. అక్కడ ఎలాగూ బండి ఆగుతుంది. షరతు ఒకటే: మాట మళ్లీ చెప్పకూడదు, అడగాలి. గుర్తు రాకపోతే కాసేపు తన్నుకోనివ్వాలి.

ఆ షరతులోనే అసలు కిటుకుంది. 2008లో జెఫ్రీ కార్పికే, హెన్రీ రోడిగర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు ఇంగ్లిషు అర్థాలతో నేర్పించారు. ఒక మాట ఒకసారి సరిగ్గా చెప్పగలిగాక, కొందరికి దాన్ని చదవడం ఆపించి పరీక్ష మాత్రం పెడుతూపోయారు. ఇంకొందరికి పరీక్ష ఆపించి, చదివించడం మాత్రం మానలేదు. వారం తర్వాత మొదటివాళ్లకు 80 శాతం గుర్తున్నాయి, రెండోవాళ్లకు 35 శాతం దరిదాపుల్లోనే. నన్ను ఆకట్టుకున్నది అది కూడా కాదు. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే, అన్ని జట్లూ సుమారు సగం అన్నాయి. ఏ పద్ధతి పనిచేస్తోందో చదువుతున్నవాళ్లకే తెలియడం లేదు. పుస్తకం తెరిచి నాలుగోసారి చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది మరి. కళ్లకు అలవాటైతే చాలు, బుర్రకు ఎక్కిందనుకుంటాం.

బండి దిగాక సంగతేంటి? దానికి బాబాయ్ దగ్గర పాత డైరీ ఒకటుంది. ఈరోజు మాటను ఈరోజు పేజీలో రాస్తాడు. అక్కడితో ఆగకుండా ముందుకు తిప్పి ఎల్లుండి పేజీలో, వచ్చే వారం పేజీలో, వచ్చే నెల పేజీలో కూడా రాసి పెడతాడు. ఆ తేదీ వచ్చినప్పుడు మాట దానంతటదే ఎదురవుతుంది. తప్పు చెబితే మళ్లీ మొదటినుంచి. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు 1970ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన అట్టపెట్టె పద్ధతి దాదాపు ఇదే. పెట్టెలో అరలుంటాయి. సరిగ్గా చెప్పిన చీటీ వెనక అరలోకి పోతుంది, దాన్ని ఆలస్యంగా తీస్తారు. తప్పిన చీటీ మొదటి అరకు తిరిగొస్తుంది. ఇప్పటి ఫోన్ యాప్‌లలో చాలావాటి కడుపులో ఉన్నది ఇలాంటి పెట్టే.

మర్నాడు పొద్దున అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొత్త మాటను ముందుగా పట్టుకునేది మెదడులోని హిప్పోకాంపస్ అనీ, పాత మాటల సరసన దాన్ని కుదుర్చడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉందనీ శాస్త్రవేత్తలు చెబుతారు. బ్రిటన్‌లో నికొలస్ డ్యుమే, గారెత్ గాస్కెల్ దీన్ని తమాషాగా పరీక్షించారు. కథీడ్రల్ లాంటి తెలిసిన మాటను కొంచెం మార్చి 'కథీడ్రూక్' లాంటి లేని మాటలు పుట్టించి నేర్పారు. ఆ కొత్త మాట నిజంగా లోపల చోటు సంపాదించుకుంటే పాత మాటకు పోటీ రావాలి, కథీడ్రల్‌ను గుర్తుపట్టడం ఒక్క పిసరు ఆలస్యం కావాలి. పొద్దున నేర్చుకుని సాయంత్రం పరీక్షకు కూర్చున్నవాళ్లలో ఆ పోటీ కనబడలేదు. రాత్రి నేర్చుకుని నిద్రపోయి లేచినవాళ్లలో కనబడింది. రెండు జట్లకూ మధ్యలో ఉన్నది అదే 12 గంటలు. పరీక్ష ముందురోజు నైటౌట్ చేసేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

అయినా కొన్ని మాటలు ఏ డైరీ అవసరం లేకుండా అతుక్కుపోతాయి. ఒకరోజు అమ్మాయి 'కంబర్సమ్' తెచ్చింది. మోయడానికి, వాడడానికి ఇబ్బందిపెట్టే బరువైన వ్యవహారం అని అర్థం. "తడిసిన కంబళి అనుకోండి బాబాయ్" అంది. అంతే. కంబళి అన్న చప్పుడు కంబర్సమ్‌ను లాక్కొస్తుంది, తడిసిన బరువు అర్థాన్ని లాక్కొస్తుంది. 1975లో స్టాన్‌ఫోర్డ్‌లో రిచర్డ్ అట్కిన్సన్, మైఖేల్ రా ఇదే పద్ధతిలో విద్యార్థులకు 120 రష్యన్ మాటలు నేర్పితే, ఇలా కొక్కెం తగిలించుకున్నవాళ్లు 72 శాతం చెప్పగలిగారు, మామూలుగా నేర్చుకున్నవాళ్లు 46 శాతం.

ఇంకో పొద్దున మూర్ మార్కెట్ ప్లాట్‌ఫారం కింద పిల్లి సైజున్న పందికొక్కు పరిగెత్తింది. బాబాయ్ దాన్ని చూపించి "ఇవాళ్టి మాట బాండికూట్" అన్నాడు. ఇంగ్లిషు నిఘంటువులు తీసి చూడండి, బాండికూట్ తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందనే ఉంటుంది. మనది ఎలుకల జాతి. ఆస్ట్రేలియాలో కనబడిన, కడుపు సంచిలో పిల్లల్ని పెంచే ఇంకేదో జంతువుకు తెల్లవాళ్లు అదే పేరు తగిలించారు. మనం వాళ్ల మాటలు మోస్తున్నామని బాధపడుతుంటే మన పందికొక్కు సముద్రాలు దాటి ఇంకో జంతువు మీద కూర్చుంది.

మూడు నెలలయ్యాక డైరీ వెనక్కి తిప్పి చూసుకుంటే ఒకటి తేలింది. ఎవరికి ఏ మాట బాగా గుర్తుందో చూస్తే, ఎవరు తెచ్చిన మాట వాళ్లకే. కంబర్సమ్ లాంటివి పక్కన పెడితే, నేను తెచ్చినవి నాకు పదికి తొమ్మిది వచ్చాయి, కుర్రాడు తెచ్చినవి సగమే. ఇది కూడా వింత కాదు. నలుగురి ముందు చెప్పాలంటే రాత్రే నిఘంటువు తీస్తాం, ఉదాహరణ వెతుకుతాం, 'దీనికీ దానికీ తేడా ఏంది' అని అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తాం. 2014లో అచ్చయిన ఒక అమెరికన్ ప్రయోగంలో, చదివింది ఇంకొకరికి నేర్పాలని చెప్పించుకున్నవాళ్లు, పరీక్ష ఉందని చెప్పించుకున్నవాళ్ల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. నిజానికి వాళ్లచేత పాఠం చెప్పించనే లేదు. నేర్పాలన్న ఊహే పనిచేసింది. అప్పటినుంచి మేం పద్ధతి కొంచెం మార్చాం. తెచ్చినవాళ్లు మాట మాత్రమే చెబుతారు, ఉదాహరణ వాక్యాలు మిగతా ముగ్గురివి.

ఇక ఏ మాటలు తేవాలన్న పేచీ. కుర్రాడికి భారీ సరుకంటే మోజు. 'సెస్క్విపిడేలియన్' అని ఒకటి తెచ్చాడు, పొడవాటి మాటలు వాడే అలవాటున్న అని అర్థమట. "ఇది ఎవురన్నా వాడంగా యాడన్నా విన్నావా నాయనా?" అన్నాడు బాబాయ్. నేను బాబాయ్ వైపే. ఢాకాలో టీచర్ల శిక్షణ కాలేజీలో పనిచేసిన మైఖేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 మాటల జాబితా అచ్చువేశాడు. మామూలు ఇంగ్లిషు రాతలో ఇంచుమించు 80 శాతం ఆ జాబితాలోదే. 80 అంటే ఘనంగా వినిపిస్తుంది కానీ ప్రతి అయిదు మాటల్లో ఒకటి తెలియదన్నమాట. అలా పేపర్ చదవడం పంటి కింద రాళ్లతో అన్నం తినడమే. ఎవరి సాయం లేకుండా నవల చదవాలంటే 98 శాతం తెలిసి ఉండాలని, దానికి 8,000 నుంచి 9,000 మాటల కుటుంబాలు (ఒక మాట, దాన్నుంచి పుట్టిన రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) కావాలని న్యూజిలాండ్‌కు చెందిన పాల్ నేషన్ లెక్క. రిలక్టెంట్, కంబర్సమ్ లాంటివి ఈ రెండు లెక్కలకూ మధ్యనున్న మెట్లలో ఉంటాయి. మన శ్రమ అక్కడ పెట్టాలి. సెస్క్విపిడేలియన్ జోలికి ఆ తర్వాత ఎప్పుడైనా పోవచ్చు.

మధ్య మెట్లలోనూ కాలు జారుతుంది. నా సంగతే చెబుతాను. 'నోటోరియస్' అంటే పేరుమోసిన అని డైరీలో రాసుకున్నాం. తెలుగులో పేరుమోసిన డాక్టరూ ఉంటాడు, పేరుమోసిన దొంగా ఉంటాడు. ఆ ధీమాతో మా కంపెనీకి పెద్ద ఆర్డర్ ఇచ్చిన పార్టీకి మెయిల్ రాస్తూ, మీలాంటి నోటోరియస్ సంస్థతో పనిచేయడం మా అదృష్టం అన్నాను. మేనేజర్ పిలిచి తలుపు వేశాడు. ఇంగ్లిషులో ఆ మాట చెడ్డపేరుకే తప్ప మంచిపేరుకు కూర్చోదని ఆ గదిలో తెలిసింది. అర్థం ఒక్కటే రాసుకుంటే చాలదు, ఆ మాట ఏయే మాటల పక్కన తిరుగుతుందో కూడా రాసుకోవాలి. అందుకే ఇప్పుడు డైరీలో ప్రతి మాటకూ రెండు వాక్యాలు ఉంటాయి.

నోటోరియస్‌ను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. వచ్చే నెల పేజీలో రాయడం ఆ అమ్మాయి వంతు. ఈసారి పక్కన అర్థం రాయలేదు, నా పేరు రాసింది.